ముప్పై ఒక్క స్పీడ్ బ్రేకర్లు

కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి చేరే దారిలో ముప్పై ఒక్క స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయి. ఇరవై రెండు తారువి, ఆరు సిమెంటువి. మిగిలిన మూడూ ఊరివాళ్లు తమంతట తాము మట్టీ కంకరా పోసి లేపుకున్నవి. ఈ లెక్క రోడ్ల శాఖ దగ్గర ఉన్నదో లేదో తెలియదు కానీ డ్రైవర్ యేసుబాబు దగ్గర ఉన్నది. ఏది ఎంత ఎత్తో, ఏది నిటారుగా లేస్తుందో, ఏది వాలుగా దిగుతుందో టేపు పెట్టి కొలిచినంత కచ్చితంగా అతడు చెప్పగలడు. ఆ కొలతలు అతడు శరీరంలోని ఏ భాగంతో తీసుకున్నాడన్నది మాత్రం ఏడు నెలలపాటు ఎవరికీ చెప్పలేదు.

యేసుబాబుకు నలభై ఆరేళ్లు. సొంతూరు భిక్నూర్. పద్దెనిమిదేళ్లుగా ఆర్టీసీలో డ్రైవరు. ఇన్నేళ్లలో అతని బస్సు కింద పడిన ప్రాణి ఒక్క కోడిపుంజు. అదీ దాని తప్పేనని పంచాయితీలో తేలింది. స్టీరింగ్ పట్టుకుంటే తప్ప తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియదు. చర్చిలో నిలబడినా, పెళ్లిలో ఫొటో దిగినా, రెండు చేతులూ కనబడని చక్రాన్ని పట్టుకున్నట్టే ముందుకు వంగి ఉంటాయి.

అతని మొదటి ట్రిప్పు ఉదయం అయిదు ఇరవైకి బయలుదేరుతుంది. పోయి, వచ్చి, మళ్లీ ఎల్లారెడ్డి చేరేసరికి పది గంటలు. ఈ నాలుగు గంటల నలభై నిమిషాల వ్యవధికి ఆ దారి డ్రైవర్లలో ఒక పేరున్నది: ఒక్కపొద్దు. అంటే దేవుడి కోసం ఉండే ఉపవాసం కాదు. ముందురోజు రాత్రి తొమ్మిది దాటాక, ఈ పది గంటల దాకా చుక్క నీరు ముట్టకపోవడం. నీళ్లు తాగితే దారిలో దిగవలసి వస్తుంది. అరవై మంది ప్రయాణికులు చూస్తుండగా దిగడమంటే పరువు పోయినట్టు. యేసుబాబు ఉద్యోగంలో చేరిన రోజునే, మీసాలు చెవుల దాకా పెంచిన లింగం అనే సీనియర్ డ్రైవర్ అతనికి ఈ ధర్మం బోధించాడు.

"బండి ఆగుతె ఆగనీ. డ్రైవర్ దిగొద్దు తమ్మీ. దిగిండంటే ఆడు క్లీనర్."

పద్దెనిమిదేళ్లు ఒక్కపొద్దు ఉన్న శరీరం ఏదో ఒకనాడు తన లెక్క తాను చెబుతుంది. నిరుడు దసరా దాటాక యేసుబాబుకు ఉదయపు పని కష్టమైంది. తర్వాత నొప్పి, దురద. ఒకనాడు ఎర్రగా నాలుగైదు చుక్కలు. మొలలని అతనికి తెలుసు. అయితే ఆ మాట పైకి అనడమంటే ఇన్నేళ్ల డ్రైవర్ గౌరవాన్ని ఆ చోటికి దించడమే. అందుకని సొంత తెలివితో ఒక వైద్యం కనిపెట్టాడు. లోపలికి పోయేది తగ్గితే బయటికి రావలసినదీ తగ్గుతుంది కదా! ఒక్కపొద్దును నీళ్ల నుంచి తిండికి కూడా పొడిగించాడు. పొద్దున రొట్టె మానేశాడు, మధ్యాహ్నం అన్నం సగం చేశాడు.

డీజిల్ ట్యాంకుకు వర్తించే ఈ నియమం పేగుకు వర్తించదు. నీరు చాలని పేగు తనలో ఉన్నదాన్నే పిండి పిండి తడి లాక్కుంటుంది, మిగిలేది రాయి. ఆ రాయిని కదిలించడానికి ముక్కిన కొద్దీ వాపు పెరుగుతుంది. వాపు పెరిగిన కొద్దీ యేసుబాబు తిండి తగ్గించాడు. అతని వైద్యమే అతని జబ్బుకు మేత అయింది.

మరో ఏర్పాటు కూడా చేసుకున్నాడు. పాత స్కూటర్ ట్యూబులో సగం గాలి నింపి, దానిపై తువ్వాలు చుట్టి, డ్రైవర్ సీటు మీద వేసుకున్నాడు. కండక్టర్ భాగ్యశ్రీ దాన్ని మొదటిరోజే చూసింది.

"అన్నా, ఇదేంది? స్టెప్నీ మీద కూసున్నవ్?"

"నడుం నొప్పి చెల్లె."

"నడుం మీదికుంటది గదన్నా. ట్యూబు కిందికెందుకు?"

"డాక్టర్ చెప్పిండు."

"ఏ డాక్టర్? పంక్చర్ డాక్టరా?"

యేసుబాబు హారన్ కొట్టాడు. ఎదురుగా ఎవరూ లేరు.

అయితే ఈ బాధలోంచి అతడు కోరుకోని కీర్తి రెండు వైపుల నుంచి పుట్టింది.

మొదటిది ఇంట్లో. అతని భార్య కృపారాణి అంగన్‌వాడీ టీచరు. ఈస్టర్‌కు ముందు నలభై రోజులు భర్త పొద్దున ఏమీ తినకపోవడం చూసి, ఉపవాస ప్రార్థనలో ఉన్నాడనుకొని సంతోషించింది. ఈస్టర్ దాటిపోయాక కూడా తినకపోతే ఆమె సంతోషం ఆశ్చర్యంగా మారి, స్త్రీల కూడికలో సాక్ష్యమై, ఆపై ఆదివారం పాస్టర్ నోటికి ఎక్కింది. "మన మధ్యనే ఒక సోదరుడు డ్యూటీ చేసుకుంట గూడ ఉపవాసం విడువలేదు" అని ఆయన వేలు చూపితే, సంఘమంతా తిరిగి చూసింది. యేసుబాబు తల వంచుకున్నాడు. వినయమనుకున్నారు. నిజానికి చర్చి బెంచీ చెక్కది.

రెండవది డిపోలో. స్పీడ్ బ్రేకర్ వస్తుందంటే రెండు వందల అడుగుల ముందే అతడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసేవాడు. బండి దానంతట అది నెమ్మదించి, చంటిపిల్లను ఉయ్యాలలో దించినట్టు ఎక్కి దిగేది. గబుక్కున తొక్కిన బ్రేకు లేదు, ఉలికిపడిన గేరు లేదు. దానివల్ల లీటరు డీజిలుకు 5.12 కిలోమీటర్లు వచ్చే బండి 5.71 ఇవ్వడం మొదలుపెట్టింది. మూడు నెలలు వరుసగా డిపోలో అదే మొదటి స్థానం. జూన్ రెండవ వారంలో మేనేజర్ అతన్ని గదికి పిలిచి భుజం తట్టాడు.

"వచ్చే నెల డ్రైవర్ల మీటింగ్ ఉంది. నీ సీక్రెట్ ఏందో ఒక పది నిముషాలు చెప్పాలె. కూసో, కూసో."

"నిలవడ్తనే మంచిగుంటది సార్" అన్నాడు యేసుబాబు.

అదే గది బయట క్లర్కు ఒక కాగితం అతని చేతిలో పెట్టింది. నలభై అయిదు దాటిన డ్రైవర్లకు వైద్య పరీక్ష. సరిగ్గా ఇరవై ఒక్క రోజులకు.

యేసుబాబుకు గేటు దగ్గరి ప్లాస్టిక్ కుర్చీ గుర్తొచ్చింది. మూడేళ్ల కింద ఒక డ్రైవర్‌కు ఈ పరీక్షలోనే చూపు మందగించిందని తేలి, స్టీరింగ్ తీసేసి గేటు దగ్గర కూర్చోబెట్టారు. వచ్చే పోయే బస్సుల నంబర్లు రాసుకుంటాడు. తనకూ అదే గతి అనుకున్నాడు. స్టీరింగ్ పోవడం ఒక బాధ. ఆ ప్లాస్టిక్ కుర్చీలో ఎనిమిది గంటలు కూర్చోవడం మరొక బాధ. రెంటిలో ఏది పెద్దదో ఆ క్షణంలో తేల్చుకోలేకపోయాడు. ఒక్కటి మాత్రం తేల్చుకున్నాడు: ఇరవై ఒక్క రోజుల్లో దీన్ని వదిలించుకోవాలి, ఎవరికీ తెలియకుండా.

దారి కూడా దగ్గరలోనే దొరికింది. మరునాడు బస్సు వెనక్కి తీస్తూ దిగి చూస్తే, వెనుక అద్దం కింద ఒక పసుపు కాగితం అంటించి ఉంది. "మొలలు. ఒకే సూది. కోత లేదు, నొప్పి లేదు. ప్రతి మంగళవారం." కింద కామారెడ్డి కూరగాయల మార్కెట్ పక్కన ఒక లాడ్జి, పై అంతస్తు, ఏడో నంబరు గది. కాగితం అంచులు వానకు నాని, ఎండకు చిట్లి ఉన్నాయి. అంటే ఎన్నో వారాలుగా ఆ ప్రకటనను ముందు కూర్చున్న రోగే మోసుకుని ఊరూరా తిప్పుతున్నాడు.

మంగళవారం డ్యూటీ దిగి, రెండింటికి, ముఖానికి దస్తీ కట్టుకుని లాడ్జి మెట్లెక్కాడు. ఏడో నంబరు గది ముందు వరండాలో పదకొండు కుర్చీలు వేసి ఉన్నాయి. తొమ్మిది మంది రోగులున్నారు. తొమ్మిది మందీ నిలబడే ఉన్నారు. ఎవరూ ఎవరి మొహం చూడటం లేదు. అందరూ గోడకున్న పాత క్యాలెండర్‌ను చదువుతున్నారు. యేసుబాబు కూడా వెళ్లి చదవసాగాడు.

"యేసూ! గిదేంది కొడుకా, గీడ నిలవడ్డవ్?"

వెనుక మెట్ల మీద సాలవ్వ. లింగంపేట మనిషి, అరవై దాటింది. రోజూ తిరుగు ట్రిప్పులో టమాట గంపలతో అతని వెనుక సీట్లోనే కూర్చుని కామారెడ్డి మార్కెట్‌కు వస్తుంది. కింద తన గంపల దగ్గరి నుంచి అతడు మెట్లెక్కడం చూసి, చెంగు దోపుకుని పైకి వచ్చింది.

"దోస్తును సూడనీకి అచ్చిన అవ్వా."

"దోస్తుకు మొలలా?"

క్యాలెండర్ చదువుతున్న తొమ్మిది మందీ ఇంకాస్త దగ్గరగా చదివారు.

"ముంగట కిందికి నడువ్" అన్నది సాలవ్వ. "మా అన్న గిసుంటోని తాననే సూది ఏపిచ్చుకున్నడు. పుండు వడి మూన్నెల్లు బోర్లా పన్నడు. నెత్తి మీద చెయ్యి వెట్టి జెప్తున్న, నడువ్."

యేసుబాబు నడిచాడు. కింద గంపల మధ్య ఆమె పీట వేసింది, అతడు నిలబడ్డాడు, ఆమె నవ్వింది.

"నీకు ఎట్ల తెలిసె అవ్వా?"

"ముప్పై ఏండ్ల సంది బస్సు ఎక్కుతున్న. నా టమాటలకు భయపడి స్పీడ్ బ్రేకర్ కాడ మెల్లగ పోయిన డ్రైవర్‌ను నేనెన్నడు సూడలే. శివరాత్రి సంది నువ్వు పోతున్నవ్. టమాటల మీద ప్రేమ గాదు, ఇంకేదో ఉన్నదనుకున్న." ఆమె గొంతు తగ్గించింది. "నాకు గూడ అచ్చింది కొడుకా, మూడో కాన్పుల. ఎవ్వరికి జెప్పక ఆర్నెల్లు ఏడ్సిన. ఎల్లారెడ్డి దవాఖానల రమ్య మేడం ఉన్నది. ఆడోళ్లకైతే దేవత."

"మొగోళ్లకు?"

"నీదేమన్న కొత్త తీరుగ ఉన్నదా?"

బుధవారం పది గంటలకు రెండో ట్రిప్పు ఎల్లారెడ్డి చేరింది. తిరిగి బయలుదేరేందుకు నలభై నిమిషాలున్నాయి. భాగ్యశ్రీకి నడుం నొప్పికి చూపించుకుంటానని చెప్పాడు. "పంక్చర్ గాకుండ సూసుకో అన్నా" అని ఆమె సాగనంపింది.

డాక్టర్ రమ్యకు ముప్పై అయిదేళ్లుంటాయి. ఆమె ప్రశ్నలు బస్సు టైము పట్టికలాగా వరుసగా ఉన్నాయి. ఎన్నాళ్లుగా? రక్తం ఏ రంగు? కలిసి వస్తుందా, విడిగా పడుతుందా? బరువు తగ్గాడా? ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉన్నదా? చిన్న గొట్టంతో పరీక్ష రెండు నిమిషాల్లో అయిపోయింది. ఏడు నెలలుగా భయపడిన ఘడియ అంత పొట్టిదని యేసుబాబుకు నమ్మకం కలగలేదు.

"రెండో దశ. ముక్కినప్పుడు కిందికి వస్తున్నయి, వాటంతట అవే పోతున్నయి" అన్నది ఆమె చేతులు కడుక్కుంటూ. "మొలలంటే బయట్నుంచి వచ్చినవి కావు. ఆ చోట రక్తనాళాల మెత్తలు అందరికీ ఉంటయి, పుట్టుకతోని. మూత సరిగ్గ పడనీకి అవి గావాలె. ఒత్తిడి ఎక్కువైతే ఉబ్బుతయి, జారుతయి. గంతే."

"అందరికి ఉంటయా మేడం?"

"అందరికి."

యేసుబాబు తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "మీకు గూడనా?"

"నాకు గూడ. మీ డిపో మేనేజర్‌కు గూడ. నీళ్లెన్ని తాగుతవ్?"

అతడు ఒక్కపొద్దు గురించి చెప్పాడు. తిండి సంగతీ, ట్యూబు సంగతీ కూడా. ఆమె కలం ఆపింది.

"అంటే జబ్బుకు మందు ఏసిన అనుకుంట, జబ్బునే మేపినవ్."

ఆమె రాసిచ్చినవి మందులకన్నా ఎక్కువగా పనులు. రోజుకు రెండున్నర లీటర్ల నీళ్లు, పొద్దున్నించే. జొన్నరొట్టె, తోటకూర, పెసలు, జామపండు. రాత్రి ఇసబ్‌గోల్, దానితో నిండు గ్లాసు నీళ్లు. గోరువెచ్చని నీళ్ల టబ్బులో రోజూ పావుగంట కూర్చోవడం. దొడ్డికి కూర్చుంటే అయిదు నిమిషాలే, ఫోన్ బయటే. ట్యూబు పారేయాలి, నడుమ సందున్న మెత్త మీద కూర్చుంటే ఆ సందులోనే వాపు పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, పిలుపు వచ్చినప్పుడు ఆపుకోకూడదు.

"అది తాడ్వాయి కాడ అస్తది మేడం. అయిదు యాభైకి."

"అయితే తాడ్వాయి కాడ దిగు."

"డ్రైవర్ దిగొద్దు మేడం."

"దిగకనే గదా ఈడికి అచ్చినవ్."

అసలు భయం అప్పుడు అడిగాడు. "గిది ఉంటే స్టీరింగ్ తీసేస్తరా?"

"మొలలున్నయని ఎవ్వరు తియ్యరు. గని రక్తం పోయి పోయి కండ్లు తిరిగి పడ్డవనుకో, అప్పుడు వాళ్లు గాదు, నువ్వే ఇడుస్తవ్." రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 10.9 వచ్చింది, ఉండవలసింది 13; ఇనుము మాత్రలు రాసింది. "ఇంకొకటి. ఈ వయసుల రక్తం పడితే మొలలే అనుకొని ఊకోవద్దు. నిజామాబాద్ పోయి పేగుకు కెమెరా పరీక్ష చేపిచ్చుకో. నాకు అనుమానం లేదు. అయినా అనుకునుడు వేరు, సూసుడు వేరు."

ఆ రాత్రి అతడు కృపారాణికి చెప్పాడు. ఆమె మొదట బెదిరింది, తర్వాత కోప్పడింది, ఆ తర్వాత ఆమెకు ఒక విషయం తట్టింది.

"అయితే ఆ ఉపాసం?"

యేసుబాబు పక్క దుప్పటి సర్దాడు.

"సంఘం ముంగట సాక్ష్యం జెప్పిన గదయ్యా! పాస్టర్ గారు నిన్ను సూపిచ్చి మా పిన్నమ్మ కొడుకును గూడ ఉపాసం వెట్టిండు!"

"మీ పిన్నమ్మ కొడుక్కు నీళ్లు తాగుమని జెప్పు."

మరునాడు ఆమె ఆకుపచ్చ టబ్బు ఒకటి కొనుక్కొచ్చింది. అందులో కూర్చున్న భర్తను తలుపు సందులోంచి చూసి, "మా అంగన్‌వాడీ పోరగాండ్లే నయం, ఇంతసేపు మొండికెయ్యరు" అంటూ ఇంకో చెంబు వేడినీళ్లు పోసింది. నిజామాబాద్ ప్రయాణంలో మాత్రం ఆమె నవ్వలేదు. పరీక్ష గది బయట రెండు గంటలు అతని చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది. పేగు శుభ్రంగా ఉన్నదని చెప్పాక, అతనికి చెప్పులు ఇచ్చి, అప్పుడు ఏడ్చింది.

తాడ్వాయిలో దిగడం వీటన్నిటికంటే కష్టమైంది. రెండు రోజులు నీళ్లు తాగాడు, ఆపుకున్నాడు. మూడోనాడు అయిదు యాభైకి బస్సును స్టాండులో పక్కకు తీసి, ఇంజను ఆపి, తాళంచెవి తీసుకున్నాడు.

"బస్సు కరాబైందా?" ఎవరో అడిగారు.

"బస్సు మంచిగనే ఉన్నది" అన్నది భాగ్యశ్రీ. అప్పటికి ఆమెకు నడుం నొప్పి చిరునామా తెలిసిపోయింది. "డ్రైవర్‌కు అయిదు నిముషాలు."

తల వంచుకుని నడిచాడు. అరవై జతల కళ్లు వీపును గుచ్చుతున్నాయనుకున్నాడు. నాలుగు నిమిషాలకు తిరిగి వచ్చి చూస్తే బస్సు సగం ఖాళీ. ఆడవాళ్లంతా దిగి మరుగుదొడ్డి ముందు వరుసలో ఉన్నారు. పొలం పనికి పోయేవాళ్లు, నర్సు ఒకామె, కాలేజీ పిల్లలు ఇద్దరు. వాళ్లలో ఒకామె అతన్ని చూసి, "గిన్నేండ్లకు ఒక్క డ్రైవర్‌కు పుట్టింది బుద్ధి" అన్నది. ఇన్నేళ్లుగా తన వెనుక బస్సంతా ఒక్కపొద్దున్నదని యేసుబాబుకు అప్పుడు తెలిసింది.

వైద్య పరీక్ష రోజున కళ్లు, చెవులు, బీపీ, షుగరు చూశారు. చివరన "ఇతర ఇబ్బందులు" అన్న గీత ఖాళీగా ఉన్నది. దాన్ని ఖాళీగానే వదిలేయవచ్చు. యేసుబాబు కలం తీసుకుని, పద్దెనిమిదేళ్లలో మొదటిసారి అంత గుండ్రంగా, "మొలలు" అని రాశాడు. రమ్య మేడం చీటీ జతచేశాడు. పరీక్షించిన డాక్టర్ రెండూ చదివి, ఇనుము మాత్రలు మానవద్దని చెప్పి, "ఫిట్" అని ముద్ర కొట్టాడు. అంతే. ఆ ముద్ర పడిన చప్పుడు తాను విన్న చప్పుళ్లన్నిటిలోకీ మంచిదని యేసుబాబు తర్వాత భార్యతో అన్నాడు. కొత్త బస్సు హారన్ కంటే కూడానా అని ఆమె అడిగింది. అతడు ఆలోచించుకుని, దాదాపు సమానమన్నాడు.

డ్రైవర్ల మీటింగ్‌లో డెబ్బై మంది ఉన్నారు. క్లచ్ గురించీ గేరు గురించీ చెప్పడానికి రాసుకున్న చీటీ జేబులోనే ఉన్నది. చేతులు మామూలుగానే కనబడని స్టీరింగ్ పట్టుకున్నాయి.

"నా సీక్రెట్ డీజిలుది గాదు" అన్నాడు. "నాకు మొలలయినయి. స్పీడ్ బ్రేకర్ అంటే పానం పోయేది. గందుకే మెల్లగ తోలిన. నీళ్లు తాగక అయినయి. మీరు తాగుండ్రి. పిలుపస్తే దిగుండ్రి."

పది నిమిషాల ప్రసంగం ఇరవై సెకన్లలో ముగిసింది. లింగం మీసం దువ్వుకుని, "గిదొక ముచ్చటనా మీటింగుల జెప్పనీకి" అని లేచిపోయాడు. మేనేజర్ గొంతు సవరించుకుని టైర్ల గాలి విషయానికి వెళ్లాడు.

ఆరు వారాలకు మళ్లీ ఎల్లారెడ్డి వెళ్లినప్పుడు రక్తం చాలావరకు ఆగింది కానీ పూర్తిగా ఆగలేదు. మేడం మొలల మొదట్లో బిగుతుగా చిన్న రబ్బరు బ్యాండ్లు రెండు వేయించింది. వారం పది రోజుల్లో అవి వాటంతట అవే రాలిపోతాయి. చీటీ రాస్తూ, తలెత్తకుండానే అన్నది:

"మీ డిపో నుంచి ఈ నెలల పదకొండు మంది అచ్చిండ్రు. అందరికీ నడుం నొప్పేనట. ఒకాయనకైతే మీసాలు చెవుల దాంక ఉన్నయి. నీళ్లు తాగుమంటే, తాడ్వాయిల బస్సు ఎన్ని నిముషాలు ఆపుతరని నన్నే అడిగిండు."

యేసుబాబు ఆ పేరు అడగలేదు. ఆమె చెప్పలేదు.

సెప్టెంబరులో ఒక పొద్దున అతనికి ఎక్కడా నొప్పి లేదు. అసలు ఆ చోటు ఉన్నదన్న సంగతే గుర్తు లేదు. లింగంపేటలో సాలవ్వ గంపలతో ఎక్కింది. ఊరు దాటాక మొదటి స్పీడ్ బ్రేకర్, సిమెంటుది, పద్దెనిమిది అంగుళాల వెడల్పు, నిటారు ఎత్తు, వచ్చింది. యేసుబాబు కాలు తీయలేదు. బస్సు ఎగిరి దిగింది. నాలుగు టమాటలు గంపలోంచి లేచి భాగ్యశ్రీ టికెట్ మిషన్ మీద పడ్డాయి.

"ఓ యేసూ!" వెనుక నుంచి సాలవ్వ కేక. "నయమైందా ఏంది?"

"అయింది అవ్వా!"

"నీకు నయమైతే నా టమాటలు సావాల్నా? మళ్ల తెచ్చుకోరాదయ్యా జర!"

బస్సంతా నవ్వింది. యేసుబాబు కూడా నవ్వాడు. సీటు పక్కనున్న సీసా తీసి రెండు గుక్కలు తాగాడు. ముందర రెండు వందల అడుగుల దూరంలో తరువాతది, తారుది, కనిపించింది. ఇప్పుడు ఏ అవసరమూ లేదు. అయినా అతడు కాలు తీశాడు.